ఫిజిక్స్ చదివే అమ్మాయికి పైథానా, డేటా సైన్సా?

ప్రశ్న: మా అమ్మాయి తిరుపతిలో బీఎస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం చదువుతోంది. సెలవుల్లో పైథాన్, న్యూమరికల్ మెథడ్స్ సొంతంగా నేర్చుకుంటానంటోంది. ఆరు నెలల డేటా సైన్స్ కోర్సులో చేర్చాలని నా ఉద్దేశం. ఏది మేలు?
– ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: ఏది మేలని అడిగారు గానీ, ఇక్కడ క్లుప్తంగా వేసిన మీ ఉత్తరం నిండా ఉన్నది అమ్మాయిని ఫిజిక్స్‌లో చేర్చి తప్పు చేశామేమోనన్న దిగులే. తప్పు చేయలేదు. ఆమె అడుగుతున్నది కూడా ఆ చదువుకు కొనసాగింపే. పైథాన్ అంటే కంప్యూటరు ప్రోగ్రాములు రాసే భాష. న్యూమరికల్ మెథడ్స్ అంటే కాగితం మీద తేలని లెక్కలకు కంప్యూటరు చేత దగ్గరి విలువలు రాబట్టే పద్ధతులు.

పుస్తకంలోని లోలకం సూత్రం చిన్న కోణాలకే సరిపోతుంది. లోలకాన్ని 90 డిగ్రీల దాకా లాగి వదిలితే, ఆవర్తన కాలం (ఒకసారి పూర్తిగా ఊగి తిరిగి రావడానికి పట్టే సమయం) ఆ సూత్రం చెప్పినదానికంటే దాదాపు 18 శాతం ఎక్కువ ఉంటుంది. కాలాన్ని చిన్న చిన్న అడుగులుగా విడగొట్టి ఆ కదలికను కంప్యూటరు చేత లెక్కించవచ్చు. అయితే స్ప్రింగుకు కట్టిన బరువు కదలికను, కోణీయ పౌనఃపున్యం (అది ఎంత వేగంగా ఊగుతుందో చెప్పే కొలత) సెకనుకు 1 రేడియన్‌గా, అడుగు 0.1 సెకనుగా తీసుకుని, వీటిలో అతి సులువైన ఆయిలర్ పద్ధతిలో లెక్కిస్తే, మారకూడని శక్తి 100 అడుగుల్లో 2.7 రెట్లవుతుంది. ప్రోగ్రాము మాత్రం ఏ అభ్యంతరమూ చెప్పకుండా నడిచిపోతుంది. ఆ తప్పును పట్టుకోగలగడమే ఇందులోని అసలు విద్య.

ఆరు నెలల కోర్సుల మీద నాకున్న అనుమానమూ ఇక్కడే ఉంది. అలాంటి సర్టిఫికెట్లతో వచ్చిన పిల్లలను, ఫలితం తప్పయితే ఎలా కనిపెడతారని అడిగితే, చాలామంది మౌనంగా ఉండిపోయారు. డేటా సైన్స్ చెడ్డదని కాదు. అందులో వాడే, తప్పును అడుగడుగునా తగ్గించుకుంటూ పోయే గ్రేడియంట్ డిసెంట్ కూడా ఒక న్యూమరికల్ మెథడే. పునాది లేకుండా ఎవరో రాసిపెట్టిన ప్రోగ్రాముల కట్టను (లైబ్రరీని) నడిపించడం నేర్పి ఫీజు వసూలు చేయడమే నాకు నచ్చదు.

కోపగించుకోకపోతే ఒక మాట. పక్కింటి అబ్బాయి బెంగళూరులో ఉద్యోగంలో చేరాడని మూడుసార్లు రాశారు. మీ అమ్మాయికి ఏ పాఠం ఇష్టమో ఒక్కసారీ రాయలేదు. మీరు తిరుపతికి వచ్చే దారిలోనే, గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. గాలి కదలికల సమీకరణాలకు కాగితం మీద పూర్తి సాధన దొరకదు కనుక, వాతావరణాన్ని అంచనా వేసే కంప్యూటరు నమూనాలు చాలావరకు ఈ పద్ధతులతోనే నడుస్తాయి. ఉద్యోగం తప్పక వస్తుందని నేను హామీ ఇవ్వను. ఆ కోర్సు ఇచ్చే హామీనీ నమ్మకండి.

పైథాన్ ఉచితం, పాత ల్యాప్‌టాప్ చాలు. ఈ సెలవుల్లో లోలకంతో మొదలుపెట్టి, అడుగును సగం చేసినప్పుడు ఆయిలర్ పద్ధతిలో తప్పు సుమారు సగానికి, అంతకంటే కచ్చితమైన నాలుగో ఆర్డర్ రుంగే–కుట్టా పద్ధతిలో పదహారో వంతుకు తగ్గుతుందో లేదో ఆమెనే చూడమనండి. డిగ్రీ అయ్యాక ఆమెకే డేటా సైన్స్ మీద మనసైతే, ఆ ఫీజు అప్పుడు కట్టవచ్చు.