అవెయిట్ పెట్టినా ఎందుకు స్లో?

ప్రశ్న: ఈమధ్యే నోడ్ (సర్వర్ మీద జావాస్క్రిప్ట్‌ని నడిపేది) ప్రాజెక్టులో చేరానండి. జావాస్క్రిప్ట్‌కి ఒకటే థ్రెడ్ (కోడ్‌ని వరసగా నడిపే దారి) అంటారు, మళ్ళీ నోడ్ సర్వర్ ఒకేసారి వేలమందిని చూసుకుంటుంది అంటారు. రెండూ ఎలా కుదుర్తాయి?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: రెండూ నిజమేనండి. ఒక రిక్వెస్ట్ వచ్చాక టైం ఎక్కడ పోతుందో చూడండి. దాన్ని చదవడం, క్వెరీ తయారుచెయ్యడం, వచ్చిన డేటాని జేసన్‌గా మార్చడం, ఇదంతా మామూలుగా చాలా కొంచెం టైం, మిగతాదంతా డేటాబేస్ నుంచి జవాబు ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చోవడమే. అలా కూర్చోడానికి ఒక థ్రెడ్‌ని కట్టేయక్కర్లేదు, అదే అసలు కిటుకు. కనెక్షన్లని కనిపెట్టుకుని ఉండే పని ఆపరేటింగ్ సిస్టమ్‌ది, లైనక్స్‌లో అయితే ఈపోల్ అనే ఏర్పాటు ఉంది, ఏ కనెక్షన్‌లో డేటా వచ్చిందో అది చెప్తుంది, ఈవెంట్ లూప్, అంటే వచ్చిన పనుల్ని ఒక్కొక్కటిగా అందుకునే నోడ్ లోపలి చక్రం, దానికి సంబంధించిన కోడ్‌ని కాసేపు నడిపి తర్వాతదాన్ని అందుకుంటుంది. కాబట్టి ఏ క్షణంలో చూసినా మీ కోడ్ ఒక్కచోటే నడుస్తూ ఉంటుంది, కానీ జవాబు కోసం ఆగి ఉన్నవి వేలల్లో ఉండొచ్చు. ఒక్క సర్వర్ పదివేల కనెక్షన్లని ఎలా తట్టుకోవాలా అని డాన్ కెగెల్ 1999లోనే రాశాడు, 2009లో రయాన్ డాల్ నోడ్ తెచ్చింది కూడా ఈ దారిలోనే. ఫైళ్ళు చదవడం మాత్రం వేరు, దానికి నోడ్ లోపల లిబ్‌యూవీ అనే లైబ్రరీ విడిగా థ్రెడ్లు పెట్టుకుంటుంది, డిఫాల్ట్‌గా 4.

ప్రశ్న: డాష్‌బోర్డ్‌కి ప్రొఫైల్, ఆర్డర్లు, నోటిఫికేషన్లు మూడు ఏపీఐల నుంచి తెస్తున్నాను, ఒక్కోదానికి సెకను పడుతుంది. మూడింటికీ అవెయిట్ పెట్టాను, అయినా పేజీ రావడానికి మూడు సెకన్లు. అసింక్ (జవాబు కోసం ప్రోగ్రామ్ మొత్తం ఆగకుండా రాసే పద్ధతి) అంటే ఫాస్ట్ కదా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: కాదండి, అవెయిట్ దేన్నీ ఫాస్ట్ చెయ్యదు, ఈ ఒక్కటి బుర్రలోకి ఎక్కితే సగం తలనొప్పులు పోతాయి. "ఇది వచ్చేదాకా ఈ ఫంక్షన్ ఇక్కడ ఆగుతుంది, ఈలోగా మిగతా ప్రోగ్రామ్ నడవనీ" అని చెప్పడమే దాని పని. మీ మొదటి లైన్ ప్రొఫైల్ కోసం ఆగి ఉన్నప్పుడు ఆర్డర్ల రిక్వెస్ట్ అసలు బయల్దేరనే లేదు, రెండో లైన్‌కి వస్తే కదా బయల్దేరేది. జావాస్క్రిప్ట్‌లో ఫెచ్‌ని (రిక్వెస్ట్ పంపే ఫంక్షన్) పిలిచిన క్షణంలోనే రిక్వెస్ట్ మొదలవుతుంది, అవెయిట్ పెట్టినా పెట్టకపోయినా. కాబట్టి ముందు మూడింటినీ అవెయిట్ లేకుండా పిలవండి, చేతికొచ్చిన మూడు ప్రామిస్‌లని (జవాబు తర్వాత వస్తుందని చెప్పే చీటీల్లాంటివి), అన్నీ వచ్చేదాకా చూసే ప్రామిస్.ఆల్‌కి ఇచ్చి దాని ముందు ఒక్క అవెయిట్ పెట్టండి, దాదాపు సెకన్లో పేజీ వచ్చేస్తుంది. ఆర్డర్లు తేవాలంటే ప్రొఫైల్‌లోని ఐడీ కావాలి అనుకోండి, అప్పుడు ఆ రెండూ ఒకదాని తర్వాత ఒకటి పోవాల్సిందే, నోటిఫికేషన్లు మాత్రం పక్కన సమాంతరంగా పోనివ్వొచ్చు.

ఇందులో ఒక మెలిక ఉంది, మూడిట్లో ఒక్కటి ఫెయిలైనా ప్రామిస్.ఆల్ వెంటనే ఎర్రర్ ఇస్తుంది, మిగతా రెండూ వెనకాల నడుస్తూనే ఉంటాయి కానీ వాటి జవాబులు మీ చేతికి రావు. నోటిఫికేషన్లు రాలేదని డాష్‌బోర్డ్ మొత్తం ఖాళీగా చూపించడం యూజర్‌కి అన్యాయం అని నా అభిప్రాయం, అలాంటి చోట 2020లో వచ్చిన ప్రామిస్.ఆల్‌సెటిల్డ్ వాడండి, ఏది వచ్చింది ఏది రాలేదు విడివిడిగా చెప్తుంది. అలాగే లిస్టులో ఒక్కోదానికి ఫంక్షన్‌ని పిలిచే ఫర్‌ఈచ్ లోపల అవెయిట్ పెట్టకండి, ఫర్‌ఈచ్ దేనికోసమూ ఆగదు, పనులు అవ్వకముందే మీ తర్వాతి లైన్ నడిచేస్తుంది. ఐదువేల ఐడీలు ఉన్నాయని అన్నిటినీ ఒక్కసారే ప్రామిస్.ఆల్‌లో పడేసినా అవతలి సర్వర్ తట్టుకోలేదు, కొన్ని కొన్నిగా పంపాలి.

పైథాన్ వాళ్ళకి ఒక మాట, మీకు ఇక్కడ తేడా ఉంది: అసింక్ ఫంక్షన్‌ని పిలిస్తే పని మొదలవ్వదు, ఊరికే ఒక కోరూటీన్ ఆబ్జెక్ట్ (ఇంకా మొదలవ్వని పని) చేతికొస్తుంది. సమాంతరంగా నడవాలంటే అలాంటివాటిని అసింక్ఐఓ లైబ్రరీలోని గ్యాదర్‌కి ఇవ్వాలి, లేదంటే పైథాన్ 3.11 నుంచి టాస్క్‌గ్రూప్ ఉంది.

ప్రశ్న: ట్రై క్యాచ్ (ఎర్రర్లని పట్టుకునే కోడ్) పెట్టినా ఎర్రర్ పట్టుబడట్లేదు, నోడ్ ప్రాసెసే పడిపోతోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ట్రై లోపల ఎక్కడో అవెయిట్ మర్చిపోయి ఉంటారు. ఎర్రర్ వచ్చేసరికి ట్రై బ్లాక్ ఎప్పుడో దాటిపోయి ఉంటుంది, ఇక ఎవరు పట్టుకుంటారు? అలా ఎవరూ పట్టుకోని ప్రామిస్ ఎర్రర్ వస్తే నోడ్ 15 నుంచి ప్రాసెస్‌నే ఆపేస్తుంది. ట్రై లోపల ప్రామిస్‌ని నేరుగా రిటర్న్ చేసినా ఇదే గొడవ, అక్కడ రిటర్న్ అవెయిట్ అని రాయాలి.

ప్రశ్న: మా ఫాస్ట్ఏపీఐ (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) సర్వర్‌లో ఎండ్‌పాయింట్లన్నీ, అంటే ఒక్కో అడ్రస్‌కి జవాబిచ్చే ఫంక్షన్లన్నీ, అసింక్ డెఫ్. ఒక దాంట్లో రిక్వెస్ట్స్ లైబ్రరీతో బయటి ఏపీఐని పిలుస్తాం, ఆ ఏపీఐ స్లో అయితే సంబంధం లేని హెల్త్ చెక్ (సర్వర్ బతికే ఉందా అని చూసే రిక్వెస్ట్) కూడా ఆగిపోతోంది.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: రిక్వెస్ట్స్ లైబ్రరీకి ఈవెంట్ లూప్ అంటే ఏంటో తెలీదు, జవాబు వచ్చేదాకా థ్రెడ్‌ని పట్టుకునే కూర్చుంటుంది, ఆ థ్రెడ్ మీదే లూప్ నడుస్తోంది కాబట్టి అందరూ ఆగిపోతారు. పేరుకి ముందు అసింక్ అని రాసినంత మాత్రాన లోపలి కోడ్ మారదు. వెంటనే సర్దుకోవాలంటే ఆ ఎండ్‌పాయింట్‌కి అసింక్ తీసేసి ఉత్త డెఫ్ పెట్టండి, వింతగా అనిపించినా పనిచేస్తుంది, ఉత్త డెఫ్‌లని ఫాస్ట్ఏపీఐ విడిగా థ్రెడ్‌పూల్‌లో (పక్కన పెట్టుకున్న థ్రెడ్లలో) నడుపుతుంది. నిదానంగా హెచ్‌టీటీపీఎక్స్ అనే లైబ్రరీలోని అసింక్ క్లయింట్‌కి మారండి. టైమ్.స్లీప్ కూడా ఇదే బాపతు, దాని బదులు అసింక్ఐఓ.స్లీప్ వాడి అవెయిట్ పెట్టాలి. పెద్ద ఫోటోలు కుదించడం లాంటి సీపీయూ పనులకి మాత్రం ఏ అవెయిటూ అక్కరకు రాదు, వాటిని వేరే ప్రాసెస్‌కి పంపెయ్యండి.

ప్రశ్న: ఒకటే థ్రెడ్ కాబట్టి రేస్ కండిషన్లు (రెండు పనులు ఒకే డేటాని ఒకేసారి మార్చబోయి తప్పు రావడం) రావు, లాకులు (ఒకరు ముగించేదాకా ఇంకొకర్ని ఆపేవి) అక్కర్లేదు అని మా టీంలో అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: రెండు అవెయిట్ల మధ్య ఉన్న లైన్లకి నిజం, అవెయిట్ దాటాక కాదు. వాలెట్‌లో 500 ఉన్నాయి, యూజర్ 400 కట్టే బటన్‌ని తొందరలో రెండుసార్లు నొక్కాడు. మొదటి రిక్వెస్ట్ అవెయిట్ పెట్టి బ్యాలెన్స్ చదివింది, 500. అది ఆగి ఉన్నప్పుడే రెండోది కూడా చదివింది, దానికీ 500. రెండూ "సరిపోతాయి" అనుకుని రెండూ 100 అని రాసేశాయి, 800 సరుకు బయటికి పోయింది, వాలెట్‌లో తగ్గింది 400. చెక్ చెయ్యడం, తగ్గించడం రెండు ముక్కలుగా ఉన్నంతకాలం ఇది వస్తూనే ఉంటుంది, అందుకే బ్యాలెన్స్ 400 లేదా ఎక్కువ ఉంటేనే తగ్గించు అని ఒకే అప్‌డేట్ క్వెరీలో డేటాబేస్‌కే చెప్పండి, ఎన్ని వరసలు మారాయో చూడండి, సున్నా వస్తే డబ్బు చాల్లేదని చెప్పి అక్కడే ఆపండి.