డెడ్‌లైన్‌లో ‘డెడ్’ ఎందుకుంది?

“గడువుని డెడ్‌లైన్ అంటారెందుకు, దాటితే చస్తామనా?” అని అడిగారు. మీరు వెటకారానికి అన్నా, అసలు సంగతి దాదాపు అదే. మొదట్లో ఆ గీత దాటినవాణ్ణి నిజంగానే కాల్చేసేవారు.

అమెరికా అంతర్యుద్ధం రోజులవి. 1864లో దక్షిణాది సైన్యం జార్జియాలోని ఆండర్సన్‌విల్‌లో యుద్ధఖైదీల శిబిరం పెట్టింది. చుట్టూ దుంగలు పాతి కట్టిన ఎత్తైన గోడ. దానికి లోపలివైపు సుమారు 19 అడుగుల దూరంలో గుంజలు పాతి, వాటి మీద సన్నటి చెక్కలు కొట్టారు. మన పెరటి దడి కూడా అంతకన్నా గట్టిగా ఉంటుంది. కానీ దాని మీద చెయ్యి పడితే చాలు, గోడ మీద గూళ్లలో కూర్చున్న కాపలావాడు కాల్చేయొచ్చు. ఆ గూళ్లని ఖైదీలు పావురాల గూళ్లు అనేవారట. ఆ దడి పేరే డెడ్‌లైన్. (లక్ష్మణరేఖ కూడా లోపలున్నవాళ్ల కోసం గీసిందేగా!) అక్కడికి తెచ్చిన 45,000 మందిలో దాదాపు 13,000 మంది పోయారు, ఎక్కువమంది రోగాలతో, తిండిలేక. శిబిరం అధికారి హెన్రీ విర్జ్‌ను 1865 నవంబరులో ఉరితీశారు. అతని విచారణలో ఈ దడి సంగతీ వచ్చింది.

తర్వాత అచ్చుయంత్రం మీద, అక్షరాలు దాటకూడని గీతకీ ఇదే పేరు పెట్టారు. 20వ శతాబ్దం మొదట్లో అమెరికా పత్రికలవాళ్ల నోట్లో పడి, కాలానికి గీసిన గీత అయింది.

నేనూ ఒక తెలుగు దినపత్రిక డెస్కులో ఆరేళ్లు చేశాను. జిల్లా పేజీ రాత్రి పదిన్నరకు వదలాలి. ఓ రోజు హెడ్డింగు కుదరక కొట్టేస్తూ రాస్తూ పన్నెండు నిమిషాలు లేటు చేశాను. కట్టల వ్యాను ఆగింది, దాంతో తెల్లారే బస్సు తప్పింది. పొద్దున్నే ఏజెంటు ఫోను: “పాలొచ్చాయి, కూరలొచ్చాయి, మీ పేపరేదండీ?”

మా ఇన్‌ఛార్జిగారు డెడ్‌లైన్ అనే మాట వాడేవారు కాదు. వెనకాల నిలబడి “గడువు గడిచింది నాయనా” అనేవారు, అంతే. గడవడంలోంచే వచ్చింది గడువు, అందులో చావు లేదు. నాకిచ్చిన మెమోలో మాత్రం డెడ్‌లైన్ అని రెండుసార్లు ఉంది.