మొదటి ప్రపంచ యుద్ధంలో మన సిపాయిలు ఫ్రాన్స్ నుంచి రాసిన ఉత్తరాలు అసలువే దాచారా?

చాలావరకు కాదు, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఎక్కువగా ఉన్నవి ఆ ఉత్తరాల్లోంచి సెన్సార్ ఆఫీసు ఏరి ఇంగ్లీషులోకి తర్జుమా చేయించిన ముక్కలు.

1914లో భారత సైన్యం ఫ్రాన్స్ చేరాక, సిపాయిలు ఇంటికి ఏం రాస్తున్నారు, వాళ్ల మనసులో ఏముంది అనే టెన్షన్ బ్రిటిష్ వాళ్లకి పట్టుకుంది. అందుకే ఉర్దూ, హిందీ, పంజాబీ లాంటి భాషల ఉత్తరాలు చదివించి, ముఖ్యమనిపించిన వాక్యాలు రిపోర్టులకు జతచేసి పైఅధికారులకు పంపేవాళ్లు. అసలు ఉత్తరం చాలాసార్లు ఊరికి వెళ్లిపోయేది. అక్కడ దాన్ని దాచేదెవరు? ఆఫీసు ఫైలు మాత్రం మిగిలింది.

తమ ఉత్తరాలు ఎవరో చదువుతున్నారని సిపాయిలకీ తెలుసు కాబట్టి కొందరు గుట్టుగా రాసేవాళ్లు. ఉదాహరణకి నల్ల మిరియాలు అయిపోవచ్చాయని, ఇక ఎర్ర మిరపకాయలు వాడుతున్నారని రాస్తే, నల్లవి అంటే మనవాళ్లు, ఎర్రవి అంటే తెల్ల సిపాయిలు అన్నమాట. ఇది సెన్సార్ వాళ్లకీ అర్థమైంది, మనకి దొరకడానికి కారణమూ అదే.

చాలామంది పొరపాటు పడేది ఎక్కడంటే, ఇవి సిపాయి సొంత చేతిరాత, సొంత మాట అనుకుంటారు. అప్పట్లో ఎంతోమందికి చదువు రాదు, పక్కనున్నవాళ్లతో రాయించుకునేవాళ్లు, దాంట్లోంచి సెన్సార్ ఏరింది, ఆపైన ఇంగ్లీషు చేసింది.