టీబీ మందుతో కడుపులో పుండు తగ్గుతుందా?

తగ్గుతుంది, కానీ అన్ని పుళ్లూ కాదు. చాలామంది కారం వల్ల, టెన్షన్ వల్ల అల్సర్ వస్తుందనుకుంటారు. అసలు కారణం ఎక్కువగా హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా, లేదా నొప్పి మాత్రల వాడకం. బాక్టీరియా సంగతి తేల్చిన బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది.

ఈ బాక్టీరియా క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ మందులకు మొండికేస్తోంది. అందుకే పరిశోధకులు రిఫాబ్యుటిన్ వైపు చూశారు. ఇది టీబీలో వాడే రిఫాంపిసిన్‌కు దగ్గరి చుట్టం. బాక్టీరియా బతకడానికి కావాల్సిన ఆర్‌ఎన్‌ఏ అనే పదార్థం తయారీని ఆపేస్తుంది. కడుపులో యాసిడ్ తగ్గించే ఒమెప్రజోల్, యాంటీబయాటిక్ అమాక్సిసిలిన్‌లతో కలిపి 14 రోజులు ఇస్తే సుమారు 84 శాతం మందిలో బాక్టీరియా పోయింది. రిఫాబ్యుటిన్ లేకుండా ఇచ్చినవాళ్లలో 58 శాతమే. అమెరికాలో 2019లో ఈ కలయికకు అనుమతి వచ్చింది. మూత్రం నారింజ రంగులోకి మారితే కంగారు పడకండి, అది మందు రంగే.

మన దేశంలో మాత్రం నాకు భయం వేరే. టీబీ ఉందని తెలియక ఈ మందు ఒక్కటే మింగితే, టీబీ క్రిమి రిఫాంపిసిన్‌కు లొంగకుండా పోవచ్చు. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం ఉంటే ముందే డాక్టరుకు చెప్పండి. మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే మందు కాదిది.