బెంజ్ మీదే, ఇంజిన్ ఎవరిది?

ప్రశ్న: మాది గుంటూరు. మా నాన్నగారు ముప్ఫై ఏళ్లు ఒక పొగాకు వ్యాపారి దగ్గర డ్రైవర్‌గా చేశారు. ఆయన తోలిన తెల్ల బెంజ్ లాంటిదే కొని, రిటైరయ్యాక ఒక్కసారైనా సొంత బండిగా ఆయన చేత తోలించాలని నా కోరిక. 2023 డిసెంబర్‌లో బెంగళూరులో 1996 మోడల్ ఈ220 పెట్రోల్ బెంజ్ 2,10,000 రూపాయలకు దొరికింది. ఆర్‌సీ ఇంకా అమ్మినాయన పేరు మీదే ఉంది. 2024 జనవరిలో హైదరాబాద్‌లోని ఒక గ్యారేజీకి ఇచ్చాను. ఇంజిన్ ఓవర్‌హాలింగ్, వైరింగ్, టింకరింగ్, పెయింటింగ్ అన్నీ కలిపి 3,50,000కు చేసి జూన్ ఆఖరుకల్లా ఇస్తానని ఓనర్ వాయిస్ మెసేజ్ పెట్టారు. అల్లాయ్ వీల్స్, లోయరింగ్ స్ప్రింగ్స్, అద్దాలకు నల్ల ఫిల్మ్ కూడా వేయిద్దామనుకున్నాను. ఇప్పటిదాకా 2,85,000 ఇచ్చాను. అందులో 95,000 నగదు, రసీదు లేదు. తీరా సెప్టెంబర్‌లో వెళ్లి చూస్తే పెట్రోల్ ఇంజిన్ తీసేసి పాత ట్రాక్స్ జీపు డీజిల్ ఇంజిన్ బిగించారు. ‘అదీ బెంజ్ ఇంజినే సార్’ అంటున్నారు. ఇంకా 1,40,000, పైగా రోజుకు 200 చొప్పున పార్కింగ్ అద్దె కడితేనే బండి ఇస్తారట. అప్పటి నుంచి తిరుగుతూనే ఉన్నాను. నాన్నగారికి చూపు తగ్గుతోంది, నాకు రాత్రిళ్లు నిద్ర లేదు. స్పేర్ తాళం నా దగ్గరే ఉంది. మా బావమరిది టోయింగ్ వ్యాన్ తెస్తానంటున్నాడు. పోలీసు కేసు పెట్టమంటారా? వాట్సాప్ స్క్రీన్‌షాట్లు పంపుతున్నాను.

జవాబు: మీ ఉత్తరం ఒకసారి, స్క్రీన్‌షాట్లు మూడుసార్లు చదివాను. మీ నాన్నగారి విషయం వినియోగదారుల కమిషన్‌కు ఇచ్చే ఫిర్యాదులో ఒక్క వాక్యానికి మించి రాయకండి. ఈ కేసును తేల్చేది ఒక్కటే ప్రశ్న: ఇంజిన్ మార్చడానికి మీరు ఒప్పుకున్నారా, లేదా? గ్యారేజీ ఆయనకు బండి ఆపుకునే హక్కు ఉందా, మీకు పరిహారం వస్తుందా, రేపు ఆర్టీఓ ముందు ఎవరు దోషి అన్నవన్నీ దీని మీదే ఆధారపడతాయి.

మీరు ఉత్తరంలో రాయనిది స్క్రీన్‌షాట్‌లో కనబడింది. 2024 మే 22న గ్యారేజీ ఆయన స్టాండ్ మీద ఉన్న ఇంజిన్ ఫొటో ఒకటి పంపారు. కింద ఒక్క మాట కూడా లేదు. మీరు దానికి ‘సరే’ అన్నట్టు బొటనవేలు ఎమోజీ పెట్టారు. అది ట్రాక్స్ ఇంజిన్ ఫొటో. రేపు ఆయన లాయర్ మొదట చూపించేది దాన్నే. ‘కస్టమర్ చూశాడు, సరే అన్నాడు’ అంటారు. అక్కడితో ఆగరు. సెప్టెంబర్‌లో తెలిసిందని మీరు చెబుతుంటే, ‘మేలోనే ఫొటో చూశాడు కదా, కాలపరిమితి అప్పటి నుంచే లెక్కేయాలి’ అని కూడా వాదిస్తారు. ఆ ఒక్క బొటనవేలు వాళ్లకు రెండు విధాలా పనికొస్తుంది. లక్షల రూపాయల పని అప్పగించి, వచ్చిన ఫొటో ఏమిటో కూడా చూడకుండా గుర్తు కొట్టేస్తే ఎలా అండీ?

అయితే దాని కిందే మూడు రోజుల తర్వాత మీరు అడిగిన ప్రశ్న ఉంది: ‘అన్నా, పెట్రోల్ ఇంజిన్ హార్నెస్ దొరికిందా?’ ఆయన జవాబు: ‘బయటి నుంచి తెప్పిస్తున్నా, ఇంకో పదివేలు వెయ్యండి.’ మీరు వేశారు. మీ కేసుకు ప్రాణం ఈ రెండు లైన్లే. ఆ తరం బెంజ్ ఇంజిన్లలో వైరింగ్ హార్నెస్ (వైర్ల కట్ట) మీది తొడుగు పొడిపొడిగా రాలిపోవడం పేరుమోసిన జబ్బు, కాబట్టి మీరు అడిగిన దాంట్లో వింత లేదు. పెట్రోల్ ఇంజిన్‌ను పక్కన పడేయడానికి ఒప్పుకున్న మనిషి దాని హార్నెస్‌కు డబ్బు ఎందుకు పంపుతాడు? దాన్ని తీసేసిన మెకానిక్ ఆ డబ్బు ఎందుకు తీసుకుంటాడు? ఈ ప్రశ్నకు అవతలివాళ్ల దగ్గర మంచి జవాబు ఉంటుందని నేను అనుకోను. ఇంత బలమైన సంగతిని వదిలేసి మీరు నిద్ర పట్టడం లేదని నాలుగు పేజీలు రాశారు.

బొటనవేలు ఇబ్బందిగా ఉందని ఆ ఒక్క మెసేజ్ డిలీట్ చేసే ఆలోచన రానివ్వకండి. అది ఆయన ఫోన్‌లోనూ ఉంటుంది. సాక్ష్యంగా రాకుండా ఎలక్ట్రానిక్ రికార్డును మాయం చేయడం భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 241వ సెక్షన్ కింద నేరం. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి, వాయిస్ మెసేజ్‌లు కూడా కలిపి ఒక పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. ఫోన్ మార్చవద్దు, అమ్మవద్దు. ఎలక్ట్రానిక్ సాక్ష్యం అసలైనదని ధ్రువీకరించే పాత 65బీ సర్టిఫికెట్ స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ వచ్చింది. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి. హ్యాష్ వాల్యూ (ఫైలు మారలేదని చూపే డిజిటల్ గుర్తు) రాయాలి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య చట్టాన్ని అక్షరం అక్షరం పట్టుకోకపోయినా, దాన్ని ముందే జత చేస్తే అవతలివాళ్లకు ఒక అభ్యంతరం తగ్గుతుంది.

ఇప్పుడు స్పేర్ తాళం సంగతి. మీ బావమరిదిని ఇంట్లోనే ఉండమనండి. ‘నా బండి నేను తెచ్చుకుంటే దొంగతనం ఎలా అవుతుంది’ అని మీకు అనిపించవచ్చు. అవుతుంది. బీఎన్‌ఎస్ 303వ సెక్షన్‌లో దొంగతనం నిర్వచనం కిందే ఉదాహరణ ఇచ్చారు: గడియారం బాగు చేసినవాడు తన కూలి బాకీ కోసం దాన్ని చట్టప్రకారం ఆపుకుంటే, సొంతదారు ఆ హామీ దక్కకుండా చేయాలని దాన్ని ఎత్తుకుపోతే దొంగతనమే. ఆయనకు ఆపుకునే హక్కే లేదని మనం తర్వాత వాదించవచ్చు. కానీ ఆ వాదన కమిషన్‌లో ఫిర్యాదీగా నిలబడి చేయడం వేరు, స్టేషన్‌లో ముద్దాయిగా కూర్చుని చేయడం వేరు. పైగా గ్యారేజీలో సీసీ కెమెరాలు ఉంటాయి. ఇంకో సంగతి, ఆర్‌సీ మీ పేరు మీద కూడా లేదు. దారిలో పోలీసులు ఆపితే బండి మీదని చూపించడానికి మీ దగ్గర ఏముంది?

ఆయన హక్కు ఎంతవరకో చూద్దాం. కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం, అప్పగించిన వస్తువు మీద శ్రమ, నైపుణ్యం పెట్టి పని చేసినవాడు కూలి అందేదాకా దాన్ని ఆపుకోవచ్చు. అయితే ఆ పని అప్పగించిన ఉద్దేశం ప్రకారం జరిగి ఉండాలి. పెట్రోల్ ఇంజిన్ ఓవర్‌హాల్ చేయమంటే డీజిల్ ఇంజిన్ బిగించడం ఆ లెక్కలోకి రాదు. టింకరింగ్, పెయింటింగ్ చేశారు కాబట్టి వాటి మేరకు హక్కు ఉండవచ్చు. పార్కింగ్ అద్దె విషయంలో మీరు ఒప్పుకున్న మాట ఎక్కడా లేదు. 170వ సెక్షన్ చేసిన పని కూలికే గాని, ముందుగా ఒప్పుకోని అద్దెకు వర్తించదు. 171వ సెక్షన్ కింద అన్ని బాకీలకూ కలిపి ఆపుకునే హక్కు బ్యాంకులు, అటార్నీల వంటి కొందరికే. మెకానిక్‌కు అది లేదు.

కాలపరిమితి గురించి మీరు అడగనే లేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 69వ సెక్షన్ ప్రకారం కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలో ఫిర్యాదు వేయాలి. సెప్టెంబర్ నుంచి లెక్కేస్తే వ్యవధి ఉందని మీకు అనిపిస్తుంది. జూన్ ఆఖరు గడువు నుంచి అయితే ఈ జూన్ ఆఖరుతో పోతుంది. మే ఫొటో నుంచి అయితే 2026 మే 22 లోపే. ఇప్పుడు ఏప్రిల్. ఏ తేదీ సరైనదన్న చర్చకే తావు లేకుండా మే మొదటి వారంలోనే వేసేయండి. దసరాకి ఇస్తా, సంక్రాంతికి ఇస్తా అని ఆయన నోటిమాటగా చెప్పినందువల్ల కాలం ఆగదు. లాయర్ నోటీసు ఇచ్చినా ఆగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది, కానీ ‘రేపు మాపు అంటూ తిప్పాడు’ అన్నది బలమైన కారణం కాదు. సివిల్ కోర్టుకు మూడేళ్లు ఉంటాయి గాని అక్కడ కోర్టు ఫీజు కట్టాలి, కాలం కూడా ఎక్కువే పడుతుంది.

ఫిర్యాదు కోసం హైదరాబాద్ తిరగక్కర్లేదు. మీరు ఉండే గుంటూరు జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి ద్వారా కూడా వేయవచ్చు. మీరు చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. స్క్రీన్‌షాట్లలో ఇంకొకటి చూశాను. ‘పెళ్లిళ్లకు అద్దెకు తిప్పుకోవచ్చు కదా’ అని ఆయన అంటే మీరు ‘చూద్దాం’ అన్నారు. వాణిజ్య ప్రయోజనం కోసం సేవ తీసుకుంటే వినియోగదారుడు కారని అవతలివాళ్లు అంటారు. తెల్ల నంబర్ ప్లేట్ బండిని అద్దెకు తిప్పడం ఎలాగూ కుదరదు. సొంత వాడకానికే కొన్నానని ఉన్నదున్నట్టు రాయండి, ఆ ‘చూద్దాం’ను దాచకండి.

ఈ వారంలో చేయవలసినవి చెబుతాను. పట్టపగలు, మర్యాదగా గ్యారేజీకి వెళ్లండి. గొడవ పడకండి. బండి చాసిస్ నంబర్, ఇప్పుడున్న ఇంజిన్ నంబర్, మీ పాత ఇంజిన్ ఎక్కడుందో, దాని మీది నంబర్ వీడియో తీయండి. ఆర్‌సీలోని ఇంజిన్ నంబర్‌తో పోల్చుకోండి. ఆ పాత ఇంజిన్ బ్లాక్ ఉందా, స్క్రాప్‌కు పోయిందా అన్నది చాలా ముఖ్యం. ఉంటే ఇది సేవాలోపం కేసు, స్టేషన్‌కు వెళితే సివిల్ అని తిప్పి పంపేస్తారు. అమ్మేశారని తేలితే మాత్రం బీఎన్‌ఎస్ 316వ సెక్షన్ కింద నమ్మకద్రోహం ఫిర్యాదుకు పునాది పడుతుంది. పోలీసుల దగ్గరకు అప్పుడు వెళ్లండి, ఇప్పుడు కాదు.

తిరిగి వచ్చాక స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్‌తో ఒక నోటీసు పంపి, అదే వాట్సాప్‌లో కూడా పెట్టండి. ఏ పనికి ఎంత అయిందో లెక్క ఇవ్వమనండి, పాత ఇంజిన్‌ను కదిలించవద్దనండి, ఒప్పుకున్న మొత్తంలో మిగిలిన 65,000 కమిషన్‌లో జమ చేయడానికి సిద్ధమని రాయండి. దీనివల్ల మీరు డబ్బు ఎగ్గొట్టే మనిషి కాదని రికార్డు అవుతుంది. ఫిర్యాదుతో పాటే వినియోగదారుల రక్షణ చట్టం 38(8) కింద మధ్యంతర ఉత్తర్వు అడగాలి: ఆ మొత్తం జమ చేస్తే బండి, పాత ఇంజిన్ రెండూ మీకు అప్పగించమని, ఈలోగా నిపుణుడి చేత పరిశీలన చేయించమని. ఇక ఆ 95,000 నగదు. ఏటీఎంలో తీసిన తేదీలు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంటాయి. నోటీసులోనే ‘నగదు 95,000, ఆన్‌లైన్ 1,90,000 కలిపి 2,85,000 మీకు ముట్టాయి’ అని రాయండి. ఆయన జవాబు ఇస్తే లెక్క తేలుతుంది, ఇవ్వకపోతే అదీ మనకే ఉపయోగం.

ఆర్‌సీ సంగతి చివర చెబుతున్నానని చిన్నదనుకోకండి. బండి కొన్న 30 రోజుల్లో బదిలీకి దరఖాస్తు చేయాలని మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ చెబుతోంది. రెండేళ్లు దాటింది. రిజిస్ట్రేషన్‌లో పేరున్న మనిషే యజమాని అని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత ఆయనదేనని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ మాట బెంగళూరులో బండి అమ్మినాయనకు ఫోన్ చేసి చెప్పండి, బదిలీకి కావలసిన ఫారం 28, 29, 30 మీద సంతకాలకు ఆయనే తొందరపడతారు. కర్ణాటక నుంచి ఎన్‌ఓసీ వచ్చాక ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి కొత్త నంబర్ తీసుకోవాలి. అప్పుడు ఇన్‌స్పెక్టర్ బండి చూస్తారు. ఆర్‌సీలో పెట్రోల్ ఉండి బానెట్ కింద డీజిల్ ఉంటే పని అక్కడే ఆగుతుంది. ముందస్తు అనుమతి లేకుండా ఇంజిన్ మార్చడం 52వ సెక్షన్‌కు విరుద్ధం, 182ఏ(4) కింద ఒక్కో మార్పుకు అయిదు వేలు జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని. పాత నంబర్‌ను కొత్త బ్లాక్ మీద కొట్టించేస్తానని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

లోయరింగ్ స్ప్రింగ్స్, కంపెనీ చెప్పిన సైజు దాటిన వీల్స్ మానేయండి. అద్దాల మీద నల్ల ఫిల్మ్‌ను సుప్రీంకోర్టు 2012లోనే వద్దంది. రంగు మారిస్తే ఆర్‌సీలో ఎక్కించాలి. సీట్లు, స్టీరియో మీ ఇష్టం. ఎలాగూ నాన్నగారు తోలిన బండి లాంటిదే కావాలన్నారు కదా, అది కంపెనీ నుంచి వచ్చినట్టే ఉండేది.

ఆర్‌సీ గడువు 2026 నవంబర్‌తో ముగుస్తోంది. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన కారు రెన్యువల్ ఫీజు 10,000. ఆ బెంజ్‌లు పుణెలో కూర్చినవి కాబట్టి ఇదే వర్తించాలి, అయినా ఆర్‌సీలో దిగుమతి అని రాసి ఉందేమో చూడండి, ఉంటే 80,000 అవుతుంది. గడువు దాటితే నెలకు 500 అదనం. అందుకే మధ్యంతర ఉత్తర్వు దరఖాస్తులో ఈ నవంబర్ తేదీని ప్రత్యేకంగా రాయించండి. ఫిర్యాదు, చాట్ ఎక్స్‌పోర్ట్, బ్యాంకు స్టేట్‌మెంట్, బెంగళూరు అమ్మకం కాగితం, ఆర్‌సీ నకలు పట్టుకుని ఈ నెలాఖరులోపు గుంటూరులోనే ఒక లాయర్‌ను కలవండి. అమ్మకం కాగితం లేకపోతే ముందు బెంగళూరు వెళ్లి అది రాయించుకు రండి.