తలకు తీగలు అంటిస్తే దొంగ దొరుకుతాడా?

ప్రశ్న: మా తమ్ముడు మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో రాత్రి వాచ్‌మన్. వయసు 26. ఎనిమిదేళ్లుగా ఫిట్స్‌కు మాత్రలు వాడుతున్నాడు. గత నెల మిల్లు బీరువాలో డబ్బు పోయింది. బ్రెయిన్ మ్యాపింగ్ చేయిస్తే నిజం తేలుతుందని యజమాని అంటున్నారు. నల్లగొండలో తీయించిన పాత ఈఈజీ రిపోర్టు కూడా తెమ్మంటున్నారు. ఇవ్వవచ్చా? ఆ పరీక్షతో ఫిట్స్ పెరుగుతాయా?

జవాబు: రిపోర్టు ఇవ్వకండి. మెదడులోని విద్యుత్తు అలలను ఈఈజీ గీతలుగా చూపిస్తుంది. ఫిట్స్ ఏ రకానివో అంచనా వేయడానికి అది మా డాక్టర్లకు పనికొస్తుంది. మనిషి అబద్ధమాడాడా అన్నది మాత్రం ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. పైగా జబ్బు సంగతి నలుగురి నోళ్లలో పడితే రేపు ఉద్యోగానికీ పెళ్లికీ అదే అడ్డం పెడతారు.

బ్రెయిన్ మ్యాపింగ్‌లోనూ తలకు తీగలే అంటిస్తారు. నొప్పి ఉండదు, దానివల్ల ఫిట్స్ పెరగవు. ఎరిగిన వస్తువు కనిపించినప్పుడు మెదడులో సుమారు 300 మిల్లీసెకన్లకు ఒక అల లేస్తుంది. దాన్ని పీ300 అంటాం. నేరానికి సంబంధించిన వస్తువులు చూపించి, ఆ అల లేస్తుందా అని ఈ పరీక్షలో చూస్తారు. చిక్కంతా ఇక్కడే ఉంది. రోజూ రాత్రి ఆ బీరువాను చూసే వాచ్‌మన్ మెదడు దాన్ని గుర్తుపట్టకపోతేనే ఆశ్చర్యపోవాలి! 2008లో పుణెలో ఒక హత్య కేసులో ఇలాంటి పరీక్షను కూడా ఆధారంగా తీసుకుని కోర్టు శిక్ష వేస్తే, శాస్త్రవేత్తలు తప్పుబట్టారు.

నార్కో పరీక్ష ఇంకా ప్రమాదం. అందులో పెంటోథాల్ అనే మత్తుమందు ఎక్కించి ప్రశ్నలు అడుగుతారు. మోతాదు మించితే ఊపిరి మందగిస్తుంది. సగం మత్తులో ఉన్న మనిషి అడిగినదానికల్లా ఊకొట్టవచ్చు.

2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు ఈ పరీక్షలను బలవంతంగా చేయరాదని చెప్పింది. పోలీసులకే లేని అధికారం యజమానికి ఎక్కడిది? ఇష్టపడి ఒప్పుకున్నా, ఆ సమ్మతిని మేజిస్ట్రేటు ముందు నమోదు చేయాలి, లాయరు అందుబాటులో ఉండాలి. మిల్లు ఆఫీసులో తెల్లకాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టవద్దని తమ్ముడికి చెప్పండి. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే నల్లగొండలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచిత సహాయం అడగండి.

స్టేషనుకు పిలిస్తే మాత్రలు, డాక్టరు చీటీ వెంట ఉండాలి. మాత్ర తప్పినా, నిద్ర చాలకపోయినా ఫిట్స్ రావచ్చు. అన్నట్టు, ఫిట్స్ ఉన్నవారికి రాత్రి కాపలా పని మంచిది కాదు. ఈ గొడవ ఎటు తేలినా పగటి పని చూసుకోమనండి.