మూడు వేల హిట్లా, మూడు వందల విజయాలా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి లిటిల్ లీగ్‌లో చేరాక వాడితోపాటు నేనూ బేస్‌బాల్ చూస్తున్నాను. 3,000 హిట్లు, 500 హోమ్ రన్‌లు, పిచర్లకు 300 విజయాలు, 3,000 స్ట్రైకౌట్లు అనే ఈ నాలుగు మైలురాళ్లలో ఏది కష్టం?
– ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: ముందు మాటలు. బంతి విసిరేవాడు పిచర్. బ్యాటర్ బంతి కొట్టి క్షేమంగా బేస్ చేరితే హిట్, కంచె అవతలికి కొడితే హోమ్ రన్, మూడు స్ట్రైకులతో అవుటైతే పిచర్‌కి స్ట్రైకౌట్. అమెరికా మేజర్ లీగ్‌లో 2025 సీజన్ ముగిసేనాటికి 3,000 హిట్లు కొట్టినవాళ్లు 33 మంది. 500 హోమ్ రన్‌లు కొట్టినవాళ్లు 28 మంది, 300 విజయాలు సాధించినవాళ్లు 24 మంది. 3,000 స్ట్రైకౌట్లు చేసినవాళ్లు 20 మందే. ఆ ఇరవయ్యోవాడు క్లేటన్ కెర్షా, 2025 జులై 2న అక్కడికి చేరాడు.

తలలు లెక్కపెట్టి చూస్తే స్ట్రైకౌట్లే అన్నిటికన్నా కష్టం అనిపిస్తుంది. అలా అనుకుంటే పొరపాటు. 1923లో వాల్టర్ జాన్సన్ 3,000 దాటాక రెండోవాడు బాబ్ గిబ్సన్ రావడానికి 1974 దాకా పట్టింది. అప్పట్లో బ్యాటర్లు స్ట్రైకౌట్ అవడం నామోషీగా భావించి, ఎలాగోలా బంతికి బ్యాట్ తగిలించేవారు. ఇప్పుడు హోమ్ రన్ కోసం గట్టిగా ఊపుతారు, తప్పితే తప్పిందంటారు. 2024లో ఒక్కో జట్టు ఆటకు సగటున ఎనిమిదిన్నర స్ట్రైకౌట్లు అయింది. పిచర్ వేసే ఇన్నింగ్స్ తగ్గినా, ఇన్నింగ్స్‌కి వచ్చే స్ట్రైకౌట్లు పెరిగాయి. అందుకే 2019 నుంచి 2025 లోపు సబాథియా, వెర్లాండర్, షెర్జర్, కెర్షా నలుగురూ ఈ జాబితాలో చేరారు.

300 విజయాల సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. 24 మంది ఉన్నా, చివరివాడు ర్యాండీ జాన్సన్ చేరింది 2009 జూన్ 4న. ఆ తర్వాత ఒక్కరూ లేరు. కారణం నిబంధనలోనే ఉంది. ఆట మొదలుపెట్టిన పిచర్‌కి విజయం రాయాలంటే అతను కనీసం అయిదు ఇన్నింగ్స్ వేయాలి, దిగిపోయేటప్పటికి తన జట్టు ఆధిక్యంలో ఉండాలి, ఆ ఆధిక్యం చివరిదాకా పోకూడదు. మొదటి షరతు ఒక్కటే అతని చేతిలో ఉంది.

ఒక ఆట ఊహించండి. స్టార్టర్, అంటే ఆట మొదలుపెట్టిన పిచర్, ఏడు ఇన్నింగ్స్ వేసి ఒక్క పరుగే ఇచ్చాడు. 2-1 ఆధిక్యంతో బంతి అప్పగించి దిగాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో అతని బదులు వచ్చిన పిచర్, అంటే రిలీవర్, ఒక హోమ్ రన్ ఇచ్చి స్కోరు 2-2 చేశాడు. ఆ వెంటనే బ్యాటింగ్‌కి దిగిన సొంత జట్టు ఒక పరుగు తీసి ఆధిక్యం తెచ్చింది, తొమ్మిదోలో ఇంకో పిచర్ దాన్ని కాపాడాడు. విజయం స్కోరు సమం చేయించిన ఆ రిలీవర్ ఖాతాలో పడుతుంది. ఏడు ఇన్నింగ్స్ కష్టపడ్డవాడికి సున్నా.

ఇది ఎప్పుడో ఒకసారి జరిగే అన్యాయం కాదు. 1987లో నోలన్ రయన్ 2.76 ఈఆర్ఏతో (పిచర్ తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చే పరుగులు, తక్కువైతే మేలు), 270 స్ట్రైకౌట్లతో రెండిట్లోనూ నేషనల్ లీగ్‌లో (మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటి) మొదటి స్థానంలో నిలిచాడు. అయినా 8 గెలిచి 16 ఓడాడు. 2018లో జేకబ్ డిగ్రామ్ 1.70 ఈఆర్ఏతో మేటి పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు కొట్టాడు, విజయాలు మాత్రం 10.

దీనికి తోడు అవకాశాలు తగ్గాయి. 1972లో స్టీవ్ కార్ల్‌టన్ 41 ఆటలు మొదలుపెట్టి 30 ఆటలు చివరిదాకా తనే వేశాడు. ఫిలడెల్ఫియా గెలిచిన 59 ఆటల్లో 27 అతనివే. ఇప్పటి స్టార్టర్‌కి సీజన్‌కి 32, 33 ఆటలు దక్కితే గొప్ప, వాటిలోనూ సగటున అయిదు ఇన్నింగ్స్ పైచిలుకే వేయనిస్తారు. 300 కావాలంటే ఏటా 15 చొప్పున ఇరవై ఏళ్లు గెలవాలి. జస్టిన్ వెర్లాండర్ 2025 చివరికి 42 ఏళ్ల వయసులో 266 దగ్గర ఉన్నాడు. మోచేతి శస్త్రచికిత్స వల్ల 2020లో ఒక్క ఆట ఆడాడు, 2021 మొత్తం పోయింది. ఆ రెండేళ్లు ఉండి ఉంటే 300కి ఎంత దగ్గరయ్యేవాడో మీరే లెక్క వేసుకోండి.

1963లో ఎర్లీ విన్ సరిగ్గా 300తో ఆగాక కూడా పంతొమ్మిదేళ్లు ఎవరూ రాలేదు, 1982లో గేలార్డ్ పెర్రీ వచ్చాడు, అతని వెనక వరసగా అయిదుగురు 1990 లోపు చేరారు. ఆ కాలంలో మాత్రం మేటి పిచర్లు ఏడాదికి 35 ఆటలదాకా మొదలుపెట్టి తరచూ ఏడెనిమిది ఇన్నింగ్స్ దాకా ఉండేవారు. ఆ పద్ధతి మళ్లీ వస్తుందని నేను అనుకోను. అందుకే నా లెక్కలో ఇవాళ అన్నిటికన్నా కష్టం 300 విజయాలే.

రెండో స్థానం 3,000 హిట్లకు ఇస్తాను. 2024లో లీగ్ బ్యాటింగ్ సగటు .243, అంటే వెయ్యి అట్ బ్యాట్స్‌కి (లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ వంతులకి) 243 హిట్లు. ఏడాదికి 540 అట్ బ్యాట్స్ దొరికితే దాని ప్రకారం 131 హిట్లు వస్తాయి, అంటే దాదాపు 23 సీజన్లు ఆడాలి. సగటు .300 ఉన్నవాడికీ పద్దెనిమిదిన్నర సీజన్లు పడుతుంది. పైగా పిచర్ నాలుగు చెడ్డ బంతులు వేస్తే బ్యాటర్‌కి ఉచితంగా మొదటి బేస్ దక్కుతుంది, దాన్ని వాక్ అంటారు. వాక్ తీసుకుంటే అది హిట్ కాదు, అట్ బ్యాట్ కూడా కాదు. ఓపికగా చెడ్డ బంతులు వదిలేసే గొప్ప బ్యాటర్లే ఇక్కడ నష్టపోతారు. బారీ బాండ్స్ 2,558 వాక్‌లు తీసుకుని 2,935 హిట్ల దగ్గర ఆగాడు. టెడ్ విలియమ్స్‌కి 2,021 వాక్‌లు, 2,654 హిట్లు. అందులో 1943 నుంచి 45 వరకు మూడు సీజన్లు యుద్ధ సేవలో పోయాయి.

500 హోమ్ రన్‌ల విషయంలో కాలాన్ని విడదీసి చూడాలి. 1998 దాకా ఉన్నది 15 మంది. 1999 నుంచి 2009 లోపు పది మంది చేరారు, వారిలో కొందరిమీద నిషిద్ధ మందుల మచ్చ ఉంది. ఆ తర్వాత పుహోల్స్, ఆర్టీజ్, కబ్రేరా ముగ్గురే.

ప్రశ్న: ఒక ఆటగాడు 3,000 హిట్లు చేరతాడో లేదో ఇంట్లో కూర్చుని అంచనా వేయవచ్చా?
– ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: వేయవచ్చు. బిల్ జేమ్స్ అనే విశ్లేషకుడు చేసిన సూత్రం కాగితం మీదే తేలిపోతుంది. ఊహకి ఒక ఆటగాడిని తీసుకుందాం. వయసు 33, ఇప్పటికి 2,100 హిట్లు, గత మూడేళ్లలో 150, 168, 162.

ముందు అతని స్థాయి తేల్చాలి. మూడేళ్ల కిందటిదాన్ని ఒకటితో, తర్వాతిదాన్ని రెండుతో, తాజాదాన్ని మూడుతో గుణించి కూడి, ఆరుతో భాగించండి. (150 + 336 + 486) ÷ 6 = 162. తర్వాత మిగిలిన సీజన్లు: 24లోంచి వయసుకి 0.6 రెట్లు తీసేయాలి. 24 – 19.8 = 4.2. రెండూ గుణిస్తే ఇంకా రాగల హిట్లు 680. కావలసినవి 900. 680ని 900తో భాగిస్తే 0.756, అందులోంచి 0.5 తీసేస్తే 0.256. అవకాశం సుమారు 26 శాతం.

ఎక్కువమంది తప్పు చేసేది 2020 దగ్గర. ఆ ఏడాది 60 ఆటలే జరిగాయి, కాబట్టి ఆ అంకెను 2.7తో గుణించాకే సూత్రంలో పెట్టండి. గాయంతో సగం సీజన్ పోయిన ఏడాదిని మాత్రం అలా పెంచకండి, ముప్పై దాటాక గాయాలు ఆటగాడి లెక్కలో భాగమే.

ప్రశ్న: 3,000 హిట్లను టెస్టుల్లో పదివేల పరుగులతో పోల్చవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: గౌరవంలో పోల్చవచ్చు, పద్ధతిలో కుదరదు. క్రికెట్‌లో ఫామ్‌లో ఉన్నవాడు ఒక్క ఇన్నింగ్స్‌లో డబుల్ సెంచరీ బాది నెల రోజుల లోటు పూడ్చుకుంటాడు. బేస్‌బాల్‌లో తొమ్మిది మంది వరసగా తిరగాలి, ఎంత గొప్పవాడికైనా రోజుకి నాలుగైదు వంతులే వస్తాయి. తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో ఏడు హిట్లు కొట్టిన రెన్నీ స్టెన్నెట్‌ను 1975 నుంచి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇక్కడ లోటు పూడ్చే పెద్ద రోజు ఉండదు, రోజూ ఆడటమే దారి.

ప్రశ్న: ఇచిరో జపాన్ హిట్లు కలపాలా?
– ఒక పాఠకుడు, సియాటిల్

జవాబు: ఇచిరో సుజుకి జపాన్ లీగ్‌లో ఆడి, తర్వాత మేజర్ లీగ్‌కి వచ్చిన ఆటగాడు. హిట్లు జపాన్‌లో 1,278, అమెరికాలో 3,089, మొత్తం 4,367. మేజర్ లీగ్ హిట్ల రికార్డు ఉన్న పీట్ రోజ్ 4,256 కన్నా ఎక్కువే. మేజర్ లీగ్ రికార్డుగా మాత్రం రాయరు, అది న్యాయమే. అయితే 27 ఏళ్లకి వచ్చి, పదహారో సీజన్‌లో 3,000 చేరడం జపాన్ అంకె కలపకుండానే అబ్బురం.

ప్రశ్న: కొద్దిలో తప్పిపోయినవాళ్లు ఉన్నారా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఉన్నారు. శామ్ రైస్ 1934లో 2,987 హిట్లతో రిటైరయ్యాడు. లూ గెరిగ్ 493 హోమ్ రన్‌ల దగ్గర ఆగాడు. ఫ్రెడ్ మెక్‌గ్రిఫ్‌వి కూడా సరిగ్గా 493. ఇతని విషయంలోనే నాకు మనసు చివుక్కుమంటుంది. 1994 ఆగస్టులో ఆటగాళ్ల సమ్మెతో సీజన్ ఆగిపోయేటప్పటికి అతను 34 కొట్టి ఉన్నాడు, అతని జట్టు 162లో 114 ఆటలే ఆడింది. అదే ఊపులో మిగతా 48 ఆటలకు 14 వచ్చేవి. 500కి కావలసినవి ఏడే.